కుండీ మట్టిలో నీటి నిల్వ: అడుగున గులకరాళ్లు పరిష్కారమా?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో మిద్దెతోటలు పెంచేవారు వర్షాకాలంలో తరచుగా అడిగే ప్రశ్న ఇది: “మట్టి తడిగానే ఉంది, మొక్క ఎందుకు వాడుతోంది?” వాడిన మొక్కకు మరికొంత నీరు పోయడం సహజం. అయితే ఆ నీరే మొక్కకు ప్రాణాంతకం కావచ్చు.

నష్టం జరిగే తీరు: మట్టి రంధ్రాలు నీటితో నిండితే వేర్లకు ప్రాణవాయువు అందదు. నీటిలో దాని వ్యాపనం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. శ్వాస ఆడని వేర్లు నీటిని పీల్చుకోలేవు కనుక మొక్క తడిలోనే వాడుతుంది. టమాటలో ఆకు తొడిమలు కిందికి వంగడం తొలి లక్షణం. నత్రజని వాయురూపంలో నష్టమై ముదురు ఆకులు పసుపుబారతాయి. పిథియం వంటి వేరుకుళ్లు కారకాలు విజృంభిస్తాయి.

సవరించుకోవలసిన సలహా: కుండీ అడుగున గులకరాళ్ల పొర వేయమని చాలామంది చెబుతారు; నేనూ ఎన్నో ఏళ్లు చెప్పాను. సన్నని రంధ్రాలున్న మట్టి నీటిని కేశాకర్షణతో పట్టి ఉంచుతుంది. పై మట్టి పూర్తిగా తడిసి సంతృప్తమయ్యే వరకు నీరు రాళ్ల మధ్య ఖాళీలలోకి దిగదు. ఫలితంగా సంతృప్త పొర రాళ్ల పైకి జరిగి, వేర్లకు మిగిలే చోటు తగ్గుతుంది. ఈ పొర ఎత్తు కుండీ లోతును బట్టి గాక మట్టి మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల లోతు తక్కువ కుండీలలో నష్టం ఎక్కువ. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక పెంకు చాలు.

విద్యార్థులకు ప్రయోగం: బాగా తడిపిన స్పాంజిని అడ్డంగా పట్టుకోండి. నీరు కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మరికొంత నీరు కారుతుంది. లోతైన కుండీ ప్రయోజనం ఇదే.

నివారణ చర్యలు:
• నీరు పోయడం ఆపి, కుండీ కింది పళ్లెం తీసివేయాలి.
• కుండీని ఇటుకలపై ఎత్తి, కొంతసేపు ఒకవైపుకు వంచాలి.
• మూసుకున్న రంధ్రాలను పుల్లతో తెరవాలి.
• కోలుకున్నాక లీటరు నీటికి 5 గ్రా. 19-19-19 ఎరువు కలిపి ఆకులపై పిచికారీ చేయాలి.
• తదుపరి పంటకు ముతక ఇసుక లేదా పెర్లైట్‌ను మట్టి అంతటా కలపాలి. అడుగున పొరగా వేయరాదు.

వాడిన మొక్కను చూసి సలహా ఇచ్చే ముందు విస్తరణ శాస్త్రవేత్త వేలిని మట్టిలోకి రెండు అంగుళాలు దింపి చూడాలి, కుండీని ఎత్తి బరువు గమనించాలి. తడిగా, బరువుగా ఉంటే ఆ మొక్కకు కావలసింది నీరు కాదు, గాలి.