అన్నం తిన్నాక షుగర్ పరీక్ష ఎప్పుడు?

మా ఉచిత వైద్య శిబిరానికి వచ్చే షుగర్ రోగుల్లో చాలామంది ఒకే మాట చెబుతారు: "పరగడుపున బాగానే ఉందండీ." తిన్న తర్వాత ఎంత ఉందని అడిగితే మాత్రం జవాబు ఉండదు. బట్టలు కుట్టి బతికే ఒక పెద్దాయన కాలి పుండు నెల దాటినా మానలేదని వచ్చారు. ఆయన చీటీలో పరగడుపు షుగర్ 116. అదే రోజు అన్నం తిన్న రెండు గంటలకు చూస్తే 268. రెండేళ్లుగా ఆయన పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటూ, అంతా అదుపులోనే ఉందని నమ్మారు. మందులు మానలేదు, మిఠాయి ముట్టలేదు. చూసుకోవలసిన వేళలో చూసుకోలేదు, అంతే.

టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, తిన్న వెంటనే కావలసినంత విడుదల కూడా కాదు. అందువల్ల అన్నం, రొట్టె, ఇడ్లీ జీర్ణమై రక్తంలో చేరిన చక్కెర అక్కడే నిలిచిపోతుంది. చాలామందిలో ముందుగా అదుపు తప్పేది తిన్న తర్వాతి షుగరే. పరగడుపు షుగర్ పెరగడం ఆ తర్వాత మొదలవుతుంది.

గడియారం ఎప్పటి నుంచి?

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి రెండు గంటలు లెక్కించాలి. చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఒంటిగంటకు తినడం మొదలుపెడితే మూడింటికి పరీక్ష. సాధారణంగా గంట, గంటన్నర మధ్య షుగర్ శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. ఆరోగ్యవంతుల్లో రెండు గంటలకు 140 లోపుకు వస్తుంది. షుగర్ ఉన్న పెద్దలలో ఎక్కువమందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు ఉండాలని వైద్యులు చెబుతారు. వయసు మళ్లినవారికి కొంత సడలింపు, గర్భిణులకు మరింత కట్టుబాటు ఉంటుంది. ఎవరి లెక్క వారి డాక్టరే నిర్ణయించాలి.

తరచూ జరిగే పొరపాట్లు

పరీక్ష రోజు రెండు ఇడ్లీలతో సరిపెట్టుకునేవారు ఉన్నారు. ఆ పూట మాత్ర మానేసేవారూ ఉన్నారు. అలా వచ్చిన అంకె ఎవరినీ మోసం చేయదు, మనల్ని తప్ప. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి. మధ్యలో టీ, బిస్కెట్, పండు తీసుకోకూడదు.

ఇంట్లో మీటరుతో చూసుకునేటప్పుడు సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న చేత్తో పరీక్షిస్తే, వేలికి అంటిన తీపే షుగర్‌గా కనిపిస్తుంది. వేలి కొసన కాక, పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టి, గడువు తేదీ చూసుకోవాలి.

బిర్యానీ, హలీం తిన్న రోజు ఒక జాగ్రత్త. నెయ్యి, మాంసం అరుగుదలను నెమ్మది చేస్తాయి. రెండు గంటలకు మంచి అంకె కనిపించి, మూడు నాలుగు గంటలకు పెరగవచ్చు. అలాంటి రోజు మరోసారి చూసుకోవడం మేలు.

తక్కువ స్ట్రిప్పులతో ఎక్కువ తెలుసుకోవడం

మాత్రలతో నడిచేవారిలో చాలామందికి రోజూ పరీక్ష అక్కరలేదు. వారంలో ఒక రోజు ఉదయం ఫలహారం, ఇంకో రోజు మధ్యాహ్న భోజనం, మరో రోజు రాత్రి భోజనం ఎంచుకుని, తినకముందు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూడాలి. వారానికి ఆరు స్ట్రిప్పులు చాలు. ముందు 130 ఉండి తర్వాత 240 అయితే పళ్లెంలో ఏముందో చూసుకోవాలి: అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచి, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవాలి. ముందే 190 ఉండి తర్వాత 220 అయితే తప్పు ఆ భోజనానిది కాదు. మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అవసరమే గానీ, ఏ పూట తిండి దెబ్బతీస్తున్నదో అది చెప్పదు.

రంజాన్‌లో

ఉపవాసం ఉండవచ్చా లేదా అన్నది నెల ముందే డాక్టరును అడగాలి. వేలిని గుచ్చి చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. కాబట్టి మధ్యాహ్నం, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు చూసుకోవాలి. 70 కంటే తగ్గినా, 300 దాటినా, చెమటలు పట్టి వణుకు వచ్చినా వెంటనే ఉపవాసం విరమించాలి. తగ్గినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి.

దాతలతో ఒక మాట

మీటరు ఒకసారి కొంటే చాలు. స్ట్రిప్పులు నెలనెలా కావాలి. మీటరు ఇచ్చి వదిలేసిన ఇళ్లలో అది రెండు నెలలకే అలమరాలో చేరడం మేము చూశాం. అందుకే మీటరు ఇచ్చే దాత, ఏడాదికి సరిపడా స్ట్రిప్పులు కూడా ఇవ్వాలని కోరుతున్నాం. మూడు నెలల డ్రెస్సింగ్ తర్వాత ఆ పెద్దాయన పుండు మానింది. ఇప్పుడు ఆయన కుట్టుమిషను పక్కన చిన్న నోటుపుస్తకం ఉంది. అందులో ప్రతి అంకె పక్కన తిన్న వేళ రాసి ఉంటుంది.