ట్రైపాడ్ ముందు, కెమెరా తర్వాత

ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ మీద మనసు పడ్డవాళ్లు మన ఐటీ కారిడార్‌లో తక్కువేం కాదు. వాళ్లందరూ మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. ఆ కెమెరాతో ఇక్కడ మీకు పని ఎవరిస్తారో ముందు ఆలోచించమంటాను నేను.

కొండలు, జలపాతాల ఫొటోలకు డబ్బిచ్చేవాళ్లు కొద్దిమందే. నానక్‌రామ్‌గూడ నుంచి కొండాపూర్ దాకా లేచిన టవర్లు, హోటళ్లు, ఆఫీసుల సంగతి అలా కాదు. బిల్డర్లు, ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు ఫొటోలు తీయిస్తూనే ఉంటారు. ఖాజాగూడ బండల మీద తెల్లవారుజామున వాడే వైడ్ యాంగిల్ లెన్సు, ట్రైపాడే ఆ టవర్ల లాబీల్లోనూ పనికొస్తాయి. రెండు చోట్లా చిన్న ఎపర్చర్, నెమ్మది షట్టర్, వంకర లేని గీతలే కావాలి. కాబట్టి శేరిలింగంపల్లి కుర్రాడు ల్యాండ్‌స్కేప్ కిట్ కొంటున్నాడంటే ఆర్కిటెక్చర్ ఫొటోగ్రఫీ కిట్ కూడా కొంటున్నట్టే. సరిగ్గా ఎంచుకుంటే ఒక పని సంపాదనతో ఇంకో పనికి ప్రయాణం చేయొచ్చు.

ఇంజినీరింగ్ చదివి ఫొటోగ్రఫీ ఏమిటని ఇంట్లో అడిగితే రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పండి. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టాడాయన. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఆయన తీసిన కట్టడాలు, కోటలు గాజు పలకల మీద ఉండేవి. ఒక్క దెబ్బ తగిలితే అంతా పోయేదే. అయినా 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 కొనగలిగింది. ఆయన 1905లో చనిపోయాడు. అన్నేళ్లు ఆ పలకలను ఎవరో జాగ్రత్తగా దాచబట్టే అది సాధ్యమైంది.

ఇక సామాను. లక్ష రూపాయలుంటే మొత్తం కెమెరా బాడీకి పెట్టకండి. మొదట గట్టి ట్రైపాడ్ కొనండి. గాలికి వణికే ట్రైపాడ్ మీద ఎంత ఖరీదైన బాడీ పెట్టినా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దీపాలు చెదిరే వస్తాయి. తర్వాత మంచి వైడ్ లెన్సు: ఫుల్ ఫ్రేమ్‌లో 16–35 మి.మీ., ఏపీఎస్‌-సీలో 10–24 మి.మీ. దరిదాపుల్లోది. బాడీ ఒక తరం పాతదైనా చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 అంగుళాల వెడల్పు ప్రింటు వేయొచ్చు. పిక్సెళ్లు పెరగడం కన్నా రెండు కార్డు స్లాట్లు ఉండటం నాకు ముఖ్యం. క్లయింటు పని ఒకే కార్డు మీద ఆధారపడకూడదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే షట్టర్ కౌంట్ చూడండి, ఎఫ్‌/16లో ఆకాశం తీసి సెన్సర్ మీద మరకలున్నాయేమో వెతకండి, లెన్సు వెనక టార్చ్ వేసి ఫంగస్ దారాలు కనిపిస్తాయేమో చూడండి. భవనాల గీతలు సరిచేసే టిల్ట్‌-షిఫ్ట్ లెన్సు మాత్రం అద్దెకు తీసుకుని ఆ అద్దె బిల్లులో కలపండి. దానికోసం ఈఎంఐ మొదలుపెట్టొద్దు.

మన దగ్గర సామానుకు అసలు శత్రువు తేమ. వానాకాలంలో ఏసీ గదిలో చల్లబడ్డ కెమెరాను బయటికి తీయగానే లెన్సు మీద మంచు పడుతుంది. ఆఫీసు నుంచి నేరుగా షూట్‌కి వెళ్లేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచండి. ఆలోగా లెన్సు మార్చొద్దు. ఇంట్లో తేమ 60 శాతం దాటితే ఫంగస్ పెరిగే వీలుంది. డ్రై క్యాబినెట్‌లో 40–50 శాతం దగ్గర ఉంచడం మంచిది. అది కొనలేకపోతే మూత బిగుతుగా పట్టే డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ చాలు. సిలికా రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టాలి. భీమిలి తీరంలో తీస్తే ఆ రాత్రే ఉప్పు తుడవాలి, ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడగాలి. 'వెదర్ సీల్డ్' అని రాసి ఉన్నా నీళ్లు లోపలికి వెళ్తే వారంటీ వర్తిస్తుందని అనుకోకండి.

విమానం ఎక్కేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపువాటికి సాధారణంగా అనుమతి అక్కర్లేదు, మామూలు కెమెరా బ్యాటరీలు అంతకన్నా చాలా తక్కువే ఉంటాయి. డ్రోన్ సంగతి వేరు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ నిలబెట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి.

బీమా విషయంలో చాలామంది పాలసీ చదవరు. ఇంటి బీమా ఇంట్లో వస్తువుకే పరిమితం కావచ్చు. ప్రయాణంలోనూ వర్తించే 'ఆల్ రిస్క్' పాలసీ అడగండి, డబ్బుకు తీస్తున్నామని దాచకుండా చెప్పండి. సీరియల్ నంబర్లు, బిల్లులు, సామాను ఫొటోలు ఈమెయిల్‌లో భద్రంగా ఉండాలి.

చదువుకోవాలనుకునేవాళ్లకు మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది. ప్రవేశ పరీక్ష పేరు ఫేడీ. కోర్సులో చేరినా చేరకపోయినా పోర్ట్‌ఫోలియో మీరే కట్టుకోవాలి. దానికి లద్దాఖ్ దాకా వెళ్లనవసరం లేదు. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ కాపాడాలని పోరాడుతున్న కోటానుకోట్ల ఏళ్ల గ్రానైట్ బండలు ఖాజాగూడలో మీ పక్కనే ఉన్నాయి. ఒకే బండను ఎండాకాలం, వానాకాలం, చలికాలం తీసి, వెనక టవర్ ఎలా పెరుగుతోందో అదే ఫ్రేమ్‌లో చూపించండి. ఆర్కిటెక్టుకు చూపించినా, మ్యాగజైన్‌కు పంపినా ఆ వరస చాలు.