స్విచ్చికి చిరునామా ఏల?

కంప్యూటర్ ప్రయోగశాలయందు తీగెలన్నియు వచ్చి చేరు పెట్టెను విద్యార్థులు నిత్యము చూచుచున్నను, దానిని గూర్చి యోచించువారు అరుదు. 2016 నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుచున్నవి. హుజూర్‌నగర్ వంటి పట్టణమున గడువు చివరిదినమున ఆ పెట్టె మొరాయించినచో, కళాశాలకు వచ్చి దరఖాస్తు చేసికొను పేద విద్యార్థికి ఒక సంవత్సరమే పోవచ్చును. కావున ఈ విద్య మనవారికి తెలిసియుండవలెనని మా అభిప్రాయము.

మొదట ఒక సందేహము. యంత్రములకు నడుమ సమాచారమును చేరవేయుటకు స్విచ్చికి ఐపి చిరునామా అక్కరలేదు. ప్రతి యంత్రమునకు 48 బిట్ల మాక్ సంఖ్య కలదు. ఏ సంఖ్య ఏ పోర్టున ఉన్నదో గుర్తుంచుకొని స్విచ్చి తన పని చేసికొనిపోవును. మరి చిరునామా ఎవరి కొరకు? నిర్వాహకుని కొరకు. దూరమున కూర్చుండి ఏ పోర్టు మూగవోయినదో విచారించుటకు, దిద్దుటకు. 'మేనేజ్డ్' అను విశేషణమునకు అర్థమిదియే. (చిరునామా అను మాట పారసీ 'సర్‌నామా' నుండి వచ్చినది, ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు ఇది ముచ్చట గొల్పును.)

మన పట్టణపు పిన్‌కోడ్ 508204. మొదటి మూడంకెలు ఉత్తరములను విడదీయు జిల్లాను, తక్కినవి తపాలా కార్యాలయమును తెలుపును. 192.168.10.2 అను చిరునామాలో అట్టి విభాగము ఎచట ముగియునో చెప్పునదే సబ్‌నెట్ మాస్కు. అది 255.255.255.0 అయినచో మొదటి మూడు సంఖ్యలు మొహల్లా, చివరిది ఇంటి నంబరు. 192.168తో మొదలగు చిరునామాలు 1996 నాటి నియమముచే సొంత ఆవరణలకు కేటాయింపబడినవి, ఎవరైనను వాడుకొనవచ్చును.

ఇక ఆచరణ. కన్సోల్ కేబుల్‌ను తగిలించి, సాధారణముగా 9600 వేగమున స్విచ్చితో మాటలాడవలెను. సిస్కో స్విచ్చిలలో చిరునామాను పోర్టునకు గాక విలాన్‌కు ఇత్తురు. ఆ విలాన్‌లో ఒక పోర్టైనను జీవముతో లేనిచో చిరునామా ఇచ్చియు ఫలము లేదు. తరువాత డిఫాల్ట్ గేట్‌వే. దీనిని మరచినచో అదే మొహల్లాలోనివారికి స్విచ్చి పలుకును గాని, పరాయి మొహల్లా నుండి వచ్చిన పిలుపునకు బదులు పంపు దారి దానికి తెలియదు. చివర అమరికను భద్రపరుపవలెను. లేనిచో కరెంటు పోయి వచ్చుసరికి చేసినదంతయు మాయమగును.

చిరునామా మార్చునపుడు మాత్రము కన్సోల్‌నే ఆశ్రయింపుడు. నెట్‌వర్క్ ద్వారా లోనికి వచ్చి ఆ చిరునామానే మార్చుట కూర్చున్న కొమ్మను నరుకుకొనుట వంటిది.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. డిహెచ్‌సిపి పంచిపెట్టు సంఖ్యల నుండి స్విచ్చి చిరునామాను మినహాయింపజేయవలెను; ఒకే సంఖ్య రెండు యంత్రములకు పోయినచో రెండును తడబడును. విద్యార్థుల పోర్టులను వేరొక విలాన్‌లో ఉంచి, అచటి నుండి స్విచ్చి విలాన్‌లోనికి దారిని మూయింపవలెను. కర్మాగారపు పాస్‌వర్డును మార్పించి, చిరునామాలన్నిటిని ఒక రిజిస్టరున వ్రాయించి ప్రిన్సిపాలు గారి బీరువాలో ఉంచుడు. తెలిసిన ఉద్యోగి బదిలీయై వెళ్లిననాడు పెట్టె తాళము ఆయనతోనే పోరాదు గదా!