సినిమాకీ ఆల్బమ్‌కీ సింక్ కుదిరిందంటే: ఇంట్లోనే తేల్చుకునే చిట్కాలు

సెలవులకి భిలాయి నెహ్రూ నగర్ వచ్చిన మనవలు హాల్లో టీవీ మ్యూట్ చేసి, పక్కన ఇంగ్లీషు రాక్ పాటలు పెట్టుకుని "చూశారా తాతయ్యా, భలే కలిసింది!" అని గోల చేస్తే రిమోట్ లాక్కోకండి. 1973లో పింక్ ఫ్లాయిడ్ బృందం తెచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌ని 1939 నాటి ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాకి రహస్యంగా కొలిచి చేశారని ఒక నమ్మకం. 1995లో ఫోర్ట్ వేన్ పత్రికలో చార్లెస్ సావేజ్ రాశాక అది బయటి లోకానికి పాకింది. 2000లో టర్నర్ క్లాసిక్ మూవీస్ చానెల్ ఆ పాటలతోనే సినిమా వేసింది కూడా. నిజానిజాలు తేల్చడానికి భిలాయి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన తాతయ్య ఇంట్లో ఉంటే మరీ మంచిది. కొలత చూడందే ఏదీ పాస్ చేయరు కదా!

1. సినిమా మొదట్లో ఎంజీఎం స్టూడియో గుర్తైన సింహం మూడోసారి గర్జించినప్పుడు ప్లే నొక్కాలని నమ్మేవాళ్ల లెక్క. టీవీ దగ్గర ఒకరు, ఫోన్ దగ్గర ఒకరు ఉండండి. ఆల్బమ్ మొదలు గుండె చప్పుడు, అదీ చాలా సన్నగా. మొదలవలేదనుకుని మళ్లీ నొక్కారో, అంతా మొదటికొస్తుంది.

2. డిస్క్ ఏ రకమో ముందే చూడండి. అందరూ వదిలేసేది ఇదే. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన దేశంలో చలామణీ అయిన పాల్ పద్ధతి డీవీడీలో ఆ రీలునే 25 చొప్పున పరిగెత్తించడం మామూలు. అంటే 102 నిమిషాల సినిమా 98కే అయిపోతుంది. పాట మాత్రం తన వేగంలోనే ఉంటుంది. ఈ నమ్మకానికి ఆయువుపట్టు ఇరవయ్యో నిమిషం దగ్గరుంది. అప్పటిదాకా మట్టిరంగులో ఉన్న సినిమాలో కథానాయిక డొరొతీ తలుపు తీయగానే రంగులొస్తాయి, సరిగ్గా అప్పుడే ‘మనీ’ పాటలోని గల్లాపెట్టె చప్పుళ్లు మొదలవుతాయని అంటారు. పాల్ డిస్క్ పెడితే రంగులు ముప్పావు నిమిషం ముందే వచ్చేస్తాయి. పాట ఇంకా దారిలోనే ఉంటుంది. అమెరికా రకం ఎన్‌టీఎస్‌సీ డిస్క్‌లోనో, స్ట్రీమింగ్‌లోనో ఈ పేచీ ఉండదు. ఒకటే సినిమా, ఒకటే పాట, ఒక ఇంట్లో కలిసి ఇంకో ఇంట్లో కలవలేదంటే ఇదీ కారణం కావచ్చు.

3. పాటల యాప్‌లో షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ ఆపండి, రిపీట్ పెట్టండి. ఆల్బమ్ 43 నిమిషాలే కాబట్టి సినిమా అయ్యేలోగా రెండుసార్లు పూర్తిగా తిరిగి మూడోసారి మొదలవుతుంది.

4. ఇంట్లో పాత రికార్డ్ ప్లేయర్ ఉంటే ఎల్‌పీతోనూ ఓసారి చూడండి. మొదటి వైపు 19 నిమిషాలకి అయిపోతుంది. ‘మనీ’ రెండో వైపు మొదటి పాట. అంటే అసలు ముహూర్తానికి ఎవరో లేచి రికార్డు తిరగేయాలి. కొలిచి చేసినవాళ్లు అతుకు సరిగ్గా అక్కడే పెడతారా? సీడీ, క్యాసెట్ వీసీఆర్ రెండూ ఒకే హాల్లోకి చేరాక పుట్టిన ముచ్చట ఇది, నన్నడిగితే. ఆ ఆల్బమ్ సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ కూడా స్టూడియోలో వీడియో టేపు వేసి చూసే వసతే అప్పుడు లేదన్నాడు. డ్రమ్మర్ నిక్ మేసన్ అయితే, మేం కొలిచింది ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’కి అని వేళాకోళం చేశాడు.

5. కాగితం మీద రెండు గళ్లు గీయండి: కలిసింది, కలవలేదు. ప్రతి 30 సెకన్లకీ ఒక టిక్కు. మొదటి 43 నిమిషాలకే 86 టిక్కులవుతాయి. దేన్ని కలిసినట్టు ఒప్పుకుంటారో సినిమా పెట్టకముందే అనుకోండి, లేకపోతే డొరొతీ తల తిప్పినా కలిసినట్టే. నమ్మేవాళ్లు చెప్పేవి కొన్ని నిజంగా ముచ్చటగానే ఉంటాయి: మొదటిసారి ఆల్బమ్ చివర గుండె చప్పుడు వినిపించే వేళకి డొరొతీ రేకు మనిషి గుండె మీద చెవి పెడుతుంది. కాదనను. కానీ రెండో గడి ఎవరూ నింపి చూపించరు.

6. తర్వాత అదే సినిమాకి సంబంధమే లేని సంగీతం పెట్టి అదే కాగితం మళ్లీ నింపండి. ఘంటసాల పాటలైనా సరే, ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ అయినా సరే. అంత ఓపిక లేకపోతే పొద్దున్నే పూజగదిలో సుప్రభాతం మోగుతుండగా హాల్లో మూగగా నడిచే హిందీ న్యూస్ చానెల్ చూడండి. గొంతు పైకి లేచిన చోటల్లా న్యూస్ రీడర్ చెయ్యెత్తినట్టే ఉంటుంది. కన్నూ చెవీ ఒకేసారి పట్టుకున్న రెండింటిని ముడేయకుండా మనసు ఊరుకోదు. సినిమావాళ్ల బతుకుతెరువే ఆ ముడి.

7. పిల్లలు "వాళ్లకి చేతకాదా ఏం?" అని ఎదురడిగితే ఒప్పుకోండి, వాళ్లకి చేతనవును. 1972లో ‘లా వాలే’ అనే సినిమా కోసం ‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ చేసినప్పుడు పింక్ ఫ్లాయిడ్ ముందు రఫ్ కట్ చూసి, స్టాప్‌వాచ్‌తో కొలుచుకుని పాటలు కట్టింది. మన రీరికార్డింగ్ థియేటర్లలోనూ తెర మీద బొమ్మ నడుస్తుంటేనే వాద్యాలు మోగేవి. బొమ్మ ఎదురుగా ఉండాలి. మొత్తం 43 నిమిషాలు బొమ్మ లేకుండా కుదరడం ఒట్టి మాట.

8. తెలుగు సినిమాతో ఆడేటప్పుడు ప్రింటు జాగ్రత్త. 1957 నాటి ‘మాయాబజార్’ 184 నిమిషాలు. 2010లో రంగులద్ది వదిలింది 165. పాత ప్రింటు చూసిన అత్తయ్య చెప్పిన నిమిషం మీ టీవీలో దొరకకపోతే అత్తయ్యని తప్పుపట్టకండి.

9. పక్కింట్లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాళ్లుంటే పగటిపూట ఈ పని వద్దు. ఆల్బమ్‌లో ‘టైమ్’ పాట ముందు గడియారాలన్నీ ఒక్కసారిగా గణగణలాడతాయి.

10. అంతసేపు కూర్చోలేమంటే చిన్నది ఉంది. పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ (1971) ఇరవై మూడున్నర నిమిషాల పాట. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చివరి భాగానికి అది సరిపోతుందంటారు. నిడివి దగ్గర దగ్గరగా ఉంది, అది మాత్రం నిజం.

11. నిజంగానే ఆల్బమ్‌ని సినిమాకి కుదిర్చింది చూడాలంటే, ‘నిరీక్షణ’ తీసిన బాలు మహేంద్ర తమిళంలో తీసిన ‘వీడు’ (1988) వెతకండి. అర్చనకి ఉత్తమ నటి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. అందులో నేపథ్య సంగీతం ఇళయరాజా 1986లోనే విడుదల చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’. ముందు ఆల్బమ్ విననివ్వండి, తర్వాత సినిమా వేయండి. ఏ ముక్క ఏ సీన్ మీద పడిందో పిల్లల్నే రాయమనండి, ఈసారి రెండు గళ్లు అక్కర్లేదు.