శ్రీమతి హేమలతా లవణముగారు

జాషువా కవిగారి పద్యములు మన విద్యార్థులకు కంఠస్థములు. ఆయన కుమార్తెయు రచయిత్రి యనియు, ఆమె పాటుపడిన గ్రామము చీరాలకు చేరువనే కలదనియు నెరిగినవారు మాత్రము తక్కువ. కావున ఈమారు ఆమెను గూర్చి వ్రాయుచున్నాము.

హేమలతగారు 1932 ఫిబ్రవరి 26వ తేదీన వినుకొండలో జన్మించిరి. తండ్రి గుఱ్ఱము జాషువాగారు, తల్లి మరియమ్మగారు. అది క్రైస్తవ గృహము. అయినను అంటరానితనపు బాధ ఆ గడప దాటి లోనికి రాకపోలేదు. జాషువాగారి 'గబ్బిలము' (1941) చదివినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంట ప్రౌఢమైన పద్యకవిత్వము, వీధిలో అవమానము. ఈ రెంటి నడుమ ఆమె పెరిగెను.

1960లో ఆమె లవణముగారిని వివాహమాడిరి. ఆయన తండ్రి గోరాగారు బ్రాహ్మణ కుటుంబమున పుట్టియు కులమును విడిచి, విజయవాడలో నాస్తిక కేంద్రమును నడపినవారు. క్రైస్తవుల యింటి ఆడుబిడ్డ నాస్తికుల యింటి కోడలయ్యెను! మిషను పాఠశాల పత్రికలో ఈ మాటను దాచి ఆమె సేవను మాత్రము పొగడుట మాకు సమ్మతము కాదు. మా విశ్వాసము వేరు. అయినను జాషువాగారి బిడ్డను కులమెంచక కోడలిగా చేసికొనిన యిల్లది. మన సంఘములలో పెండ్లిమాటలు వచ్చినప్పుడు కులమెంత బిగ్గరగా పలుకునో తలిదండ్రులెరుగుదురు.

ఇక ఆ గ్రామము సంగతి. బాపట్ల చీరాలల నడుమ రైలు మార్గమున స్టువర్టుపురము స్టేషను కలదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచు చట్టము చేసెను. 1911లో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. దానిని బట్టి ఎరుకలవారిని తెచ్చి యిచ్చట నుంచిరి. నిర్వహణము రక్షణ సైన్యమువారిది. వారు బడి పెట్టిరి, పని చూపిరి. అయితే ప్రతిదినము హాజరు పలుకవలెను. చీటి లేనిదే పొలిమేర దాటరాదు. ఆశ్రయమును అదియే, చెరయును అదియే. క్రైస్తవులమైన మనము ఈ రెండవ మాటను మింగివేయరాదు. 1952 నాటికి ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, ఎచ్చట దొంగతనము జరిగినను ఆ యూరి పేరే చెప్పుట పోలేదు. నేటికిని పిల్లలు వేళాకోళమునకు ఆ పేరు వాడుట మేము వినుచున్నాము.

1970 తరువాత హేమలతా లవణము దంపతులు ఆ యూరికి పోయి పనిచేసిరి. చంబలు లోయలో 1960లో వినోబాగారి యెదుట బందిపోట్లు ఆయుధములు విడిచిన యుదాహరణము వారి కనులముందుండెను. తరతరములుగా చూచి జడిసినవారితో చెలిమి చేయుట యొక పని. వారిని మనుష్యులుగా చూడుమని ప్రభుత్వమును, పోలీసువారిని, ఇరుగుపొరుగు గ్రామములను ఒప్పించుట మరియొక పని. రెండవదియే కష్టమని మా తలంపు.

పిమ్మట వారి 'సంస్కార్' సంస్థ నిజామాబాదు మండలమున జోగినీ దురాచారముపై పోరాడెను. బాలికలను దేవత పేరిట అర్పించుటను నిషేధించు చట్టము ఆంధ్రప్రదేశమున 1988లో వచ్చెను.

హేమలతగారు 2008 మార్చి 19న కాలధర్మము నొందిరి. స్టువర్టుపురపు అనుభవములను ఆమె 'నేరస్థుల సంస్కరణ' యను గ్రంథమున వ్రాసియున్నారు. దానిని మన గ్రంథాలయమునకు తెప్పింప వలసినదిగా ప్రధానోపాధ్యాయుల వారిని కోరియున్నాము.