ప్రశ్నయు శ్రద్ధయు

శ్రద్ధ లేక చేసిన హోమమును, దానమును, తపస్సును వ్యర్థములేయని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయము చివర ఉపదేశించెను. ఇది మనమందరము వినియున్న మాటయే. అయితే శ్రద్ధ యననేమి? పెద్దలు చెప్పిన దానికెల్ల తల యూపుటయేనా? అడిగినవాడు శ్రద్ధను కోల్పోయినట్లేనా? నేడు పెక్కు వైష్ణవ గృహములలో తండ్రికిని కుమారునకును నడుమ ఈ చిక్కు నిలిచియున్నది. మా యింటను నిలిచినది.

కొన్ని సంవత్సరములకు పూర్వము, సెలవులకు ఇంటికి వచ్చిన మా కుమారుడు, నేను తిరువారాధనము ముగించి తీర్థమిచ్చుచుండగా చేయి చాపక, "నాన్నగారూ, పెరుమాళ్లకు తళిగ సమర్పించితిరి గదా! పాత్రలోని అన్నము పెట్టినది పెట్టినట్లే యున్నది. స్వామి ఆరగించినాడని మీకెట్లు తెలియును?" అని యడిగెను. ఆ మాటలో ఎగతాళి లేదు. అయినను నాకు కోపము వచ్చినది. "మన తాతముత్తాతలు చేసిరి, నేను చేయుచున్నాను, నీవును చేయవలెను. ఇట్టి ప్రశ్నలు మన యింట పుట్టరాదు" అంటిని. అతడు మారు పలుకక తీర్థము పుచ్చుకొనెను. మరునాటినుండి ఆరాధన వేళకు పూజాగృహమువైపు రాలేదు.

ప్రశ్నించుట నిజముగా దోషమా? గీత నాలుగవ అధ్యాయములోని 34వ శ్లోకము జ్ఞానమును పొందుటకు ప్రణిపాతము, పరిప్రశ్నము, సేవ అను మూడింటిని చెప్పుచున్నది. నమస్కారమునకును సేవకును నడుమ ప్రశ్నకు పీట వేయబడినది. ఆ వెనుక ఆరు శ్లోకములకే, 40వ శ్లోకమున, సంశయాత్మునకు ఇహపరములు రెండును లేవని స్వామియే హెచ్చరించెను. ఈ రెండు వాక్యములకును విరోధము లేదు. ప్రశ్న ఉత్తరమును వెదకుకొనుచు పెద్దల యొద్దకు పోవును. సంశయాత్ముడు ఏ యుత్తరమును వినగోరక తనలోనే కుములుచుండును. అధ్యాయాంతమున స్వామి అర్జునునితో సంశయమును జ్ఞానఖడ్గముతో ఛేదింపుమనెనే గాని, దాచుకొమ్మని చెప్పలేదు.

కఠోపనిషత్తులోని నచికేతుని కథ ఇంకను స్పష్టమైనది. సర్వస్వమును దానము చేయవలసిన యాగమున వాజశ్రవసుడు పాలుడిగిన ముసలి గోవులను దక్షిణగా ఇచ్చుచుండెను. అది చూచిన బాలునియందు శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. శ్రద్ధ ప్రవేశించిన పిమ్మట ఆ బాలుడు చేసిన మొదటి పని తండ్రిని ప్రశ్నించుట. తన్నెవరికిత్తువని ముమ్మారు అడుగగా, తండ్రి కోపించి మృత్యువునకిత్తుననెను. యముని గృహమున మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండిన నచికేతుడు ఆత్మవిద్యను మూడవ వరముగా కోరెను. మొదటి వరముగా కోరినది తన తండ్రి కోపము శమింపవలెనని, తిరిగివచ్చినపుడు తన్ను గుర్తించి ఆదరింపవలెనని.

ఈ ఘట్టమును మరల చదువుచుండగా నాకు సిగ్గు కలిగినది. అన్నము పెట్టుట, గంట మ్రోగించుట, తెర తీయుట నేను మా తండ్రిగారినుండి నేర్చితిని. అర్థమును చిన్ననాడు వింటినేమో గాని, మరచి చాలకాలమైనది. కుమారునకు నేను అప్పగింప చూచినవి ఆ పాలుడిగిన గోవులే. అతడు అడిగినది నా భక్తిని కాదు, నా మరపును.

మన గురుపరంపరలో ఇట్టి ఘట్టమొకటి కలదు. యామునాచార్యుల వారు పరమపదించిన పిమ్మట భగవద్రామానుజులు శ్రీరంగమున, వారి శిష్యులైన మాలాధరుల సన్నిధిని తిరువాయ్‌మొళికి అర్థము వినుచుండిరి. మాలాధరులు తాము యామునుల వలన విన్నదానిని విన్నట్లు చెప్పువారు. రెండవ శతకములోని ఒక పాశురమున, ఏమియు తెలియని ప్రాయముననే స్వామి తనకు దాస్యమునందు ప్రీతి కలిగించెనని నమ్మాళ్వారు స్మరించుచున్నారు. అట్టి ప్రీతినిచ్చియు మరల అజ్ఞానమయమైన దేహసంబంధమున నుంచితివే యని ఆళ్వారు దుఃఖించుచున్నట్లు మాలాధరులు చెప్పిరి. రామానుజులు వినయముతో, ముందు వెనుకల పాశురములన్నియు ఆనందముతో నిండియుండగా నడుమ దుఃఖము పొసగదనియు, అజ్ఞానములో మునిగియున్న నాడే తన్ను అనుగ్రహించెనని ఆళ్వారు కృతజ్ఞత చెప్పుకొనుచున్నారనియు విన్నవించిరి. మాలాధరులకు ఇది రుచింపలేదు. తాము వినని అర్థము విశ్వామిత్రసృష్టి వంటిదని పలికి పాఠమును ఆపివేసిరి.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి చూడుడు. ఇద్దరిలో ఎవరును ధూర్తులు కారు. ఆచార్యుడు గురువునకిచ్చిన మాటను కాపాడుకొనుచున్నాడు. శిష్యుడు పాశురమునకు న్యాయము కోరుచున్నాడు. అయినను పాఠము ఆగిపోయినది. ఈ వార్త గోష్ఠీపూర్ణుల చెవిని పడెను. ఆయన వచ్చి, మాలాధరులను విచారించి, రామానుజులు చెప్పిన అర్థమును తాను యామునుల నోటనే వినియుంటినని చెప్పెను. కృష్ణుడు సాందీపనియొద్ద చదివినట్లే ఈ శిష్యుడు నీయొద్ద చదువుచున్నాడని నచ్చజెప్పి పాఠమును మరల ఆరంభింపజేసెను. కొంతకాలమునకు రామానుజులు మరియొక అర్థము చెప్పగా, యామునులను సేవింపని నీకిది ఎట్లు తెలిసెనని మాలాధరులు అడిగిరట. ద్రోణునకు ఏకలవ్యుని వలె తాను యామునులకు శిష్యుడనని రామానుజులు బదులు పలికిరి.

ఈ కథయందు పిల్లలకొక పాఠము, పెద్దలకొక పాఠము కలవు. రామానుజులు అర్థమును ప్రశ్నించిరి గాని ఆచార్యుని విడిచి పోలేదు. పాఠము ఆగిన దినములలో తాను వేరుగా గోష్ఠి నడుపలేదు. అంతకు పూర్వము కాంచిలో తన మనస్సున కలిగిన సందేహములను కూడ ఆయన దాచుకొనక, కాంచీపూర్ణుల ద్వారమున వరదరాజస్వామికే విన్నవించి ఆరు వార్తలను ఉత్తరముగా పొందెను. అడిగినవాడు ఉత్తరము వచ్చువరకు కూర్చుండవలెను. ఇక పెద్దల విషయము. మాలాధరులు తమకు తెలిసినదే సర్వమని మొదట తలచినను, తనకంటె ఎరిగినవారు చెప్పినపుడు వినిరి. మరల పుస్తకము విప్పిరి. నేను విప్పలేదు.

ఆ సంవత్సరమే నేను ఒక పెద్దల సన్నిధికి పోయి, మా కుమారుని ప్రశ్ననే నా ప్రశ్నగా అడిగితిని. వారు నవ్వి, "స్వామికి ఆకలియని కాదు నాయనా. సమస్తమును ఆయన సొత్తు. మనము ఆయనకు శేషభూతులము. ఆ మాట దినమున కొకమారైనను గుర్తు చేసికొనక అన్నమును ముట్టరాదని ఈ సమర్పణము. ఆకునైనను, నీటినైనను భక్తితో ఇచ్చినదానిని స్వీకరింతునని గీతలో చెప్పినవాడు పదార్థమును కొలుచునా?" అనిరి. ఇంటికి వచ్చి ఈ మాటను కుమారునకు చెప్పితిని. అతడు విని, కొంతసేపటికి, "అసలు స్వామి యున్నాడని మీకెట్లు తెలియును?" అనెను. ఈసారి నాకు కోపము రాలేదు. "చేతితో చూపలేను నాయనా. తెలియని వయస్సున నాకీ ప్రీతి కలిగినది. తెలిసిన వయస్సున దానిని విడువ మనస్సొప్పలేదు. నీ ప్రశ్న నాకు అడ్డు కాదు. అడుగుచుండుము" అంటిని. అతడు వెంటనే భక్తుడయ్యెనని వ్రాయజాలను. సెలవులకు వచ్చినపుడు మాత్రము ఆరాధన వేళ గడప యొద్ద కూర్చుండును. ఒక్కొక్కనాడు ప్రశ్నతో వచ్చును. ఒక్కొక్కనాడు తీర్థమునకు తానే చేయి చాపును.

పదునెనిమిదవ అధ్యాయములో, సర్వధర్మములను విడిచి తన్ను శరణు పొందుమను చరమశ్లోకము 66వది. మనకది ప్రాణప్రదము. దానికి మూడు శ్లోకముల ముందు, 63వ దానిలో, చెప్పినదంతయు నిశ్శేషముగా విమర్శించి నీ యిచ్చ వచ్చినట్లు చేయుమని స్వామి అర్జునుని స్వతంత్రునిగా విడిచెను. విమర్శింపనిచ్చిన పిమ్మటనే శరణాగతిని చెప్పెను. స్వామి అర్జునునకిచ్చిన ఆ యవకాశమును మన బిడ్డలకు మనము నిరాకరింపనేల?

భగవద్రామానుజులు ఈ తిరుమల పాదమున శ్రీశైలపూర్ణుల సన్నిధిని ఒక సంవత్సరము రామాయణార్థములను వినిరి. కొండ యెక్కు యాత్రికులు బిడ్డల చేయి పట్టుకొని ఆ నేలమీదనే నడచుచున్నారు. దారిలో బిడ్డ ఏదేని అడిగినచో ఒక మెట్టుపై కూర్చుండి చెప్పుడు. తెలియనిచో తెలియదని చెప్పి, తెలిసినవారిని ఇద్దరును కలసి అడుగుడు. శ్రీనివాసుడు ఆ ఆలస్యమును సహించును.