పరాయి గ్రహాల మీద సేద్యం: రెండు పాత కంప్యూటర్ ఆటలు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

వీడియో ఆట అనగానే తుపాకులు, కేకలు, పరీక్ష తప్పిన కుర్రవాడు గుర్తుకు రావడం సహజం. కళాశాల సంచికలో దీని మీద వ్యాసమేమిటని అధ్యాపకులకు సందేహం కలగవచ్చు. కాని మిత్రులారా, వీటిలో తీరికగా లెక్కలు వేసుకుని ఆడవలసిన జాతి ఒకటుంది. వ్యూహ క్రీడలంటారు. పాతవాటిలో పేరుపడ్డవి చాలావరకు వైజ్ఞానిక కల్పనలే. 1992లో వచ్చిన 'డ్యూన్ 2'లో ఎడారి గ్రహం మీద స్పైస్ అనే ఒక్క సరుకు కోసం కొట్లాట. 1993 నాటి 'మాస్టర్ ఆఫ్ ఓరియన్'లో నక్షత్రాలకు నక్షత్రాలే ఆక్రమించాలి. ఆ యుద్ధాల సంగతి ఇతరులు రాయగలరు. నేను రైతు బిడ్డను. ఈ ఆటలు నేలను, వానను, అంగడిని ఎంతవరకు పట్టుకున్నాయన్నదే నాకు ఆసక్తి. అందుకు రెండు ఆటలు చాలు.

మొదటిది 'మ్యూల్'. 1983లో డాని బంటెన్ బృందం తయారుచేసింది. ఇరాటా అనే గ్రహం మీద నలుగురు వలసదారులు దిగుతారు. (ఆ పేరు ఇంగ్లీషులో రాసి వెనుక నుంచి చదివితే అటారీ అవుతుంది. ఆట వచ్చింది ఆ కంపెనీ కంప్యూటర్ మీదే.) ప్రతి నెలా తలా ఒక చెక్క నేల. ఊళ్ళో యంత్రపు కంచరగాడిదను కొని, పనిముట్లు తగిలించి, గడువులోగా పొలానికి తోలుకెళ్ళి నిలపాలి. ఏటి పక్క నేల తిండికి, కొండ నేల ఖనిజానికి అనువు. మిగిలిన తిండిలో సగం వచ్చే నెలకు చెడిపోతుంది. తిండి చాలకపోతే పని చేసుకునే గడువే కుదించుకుపోతుంది. సరంజామా దాదాపు ఇంతే.

దీని గొప్పంతా వేలంలో ఉంది. తెర పైభాగాన అమ్మేవాళ్ళు, కిందిభాగాన కొనేవాళ్ళు నిలబడతారు. వీళ్ళు దిగుతారు, వాళ్ళు ఎక్కుతారు, ఎక్కడ కలిస్తే అదే ధర. అర్థశాస్త్రం పుస్తకంలో డిమాండు, సప్లయి గీతలు ఖండించుకునే చోటు ఇదే. కాకపోతే ఇక్కడ గీతలకు కాళ్ళున్నాయి, పంతాలున్నాయి. యార్డులో శెనక్కాయల రాశి పక్కన నిలబడి, పలికిన ధరకు తల ఊపాలా వద్దా అని మా నాయన తటపటాయించే క్షణాన్ని ఇంత చిన్న ఆట ఎలా పట్టుకుందో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆటలో పంతం పడితే సరుకు చెడుతుంది. ఇక్కడ అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. అంతే తేడా.

పురుగు పడటం, ఆమ్ల వర్షం, భూకంపం కూడా ఉన్నాయి. అయితే అందరికంటే వెనుకబడ్డవాడికి కీడు జరగదు, ముందున్నవాడికి అదృష్టం కలిసిరాదు. ఆట రక్తి కట్టడానికి మంచి నియమమే. ఎర్ర గొంగళి పురుగుకు మాత్రం అంత నీతి లేదు. ఇక లోపమంటే, ఎన్ని నెలలు సేద్యం చేసినా నేల సారం తగ్గదు. పైగా ఎదుట మనుషులు కాక కంప్యూటరే ఉంటే ఆ వేలంలో పస ఉండదు.

రెండవది 'ఆల్ఫా సెంటారీ', 1999 నాటిది. సిడ్ మేయర్ పేరు మీద వచ్చినా ప్రధాన రూపకర్త బ్రయాన్ రేనాల్డ్స్. భూమిని విడిచి వెళ్ళిన ఓడలోని జనం ఏడు వర్గాలుగా చీలిపోతారు. ఒక వర్గానికి ప్రవీణ్ లాల్ అనే మనదేశపు వైద్యుడు నాయకుడు. ప్రతి గడి నుంచి మూడు వస్తాయి: పోషకాలు, ఖనిజాలు, శక్తి. ఒక మనిషి ఒక వంతుకు రెండు పోషకాలు తింటాడు. ఎండిన నేల ఏమీ ఇవ్వదు, తేమ నేల ఒకటి, వాన నేల రెండు ఇస్తాయి. దున్నితే ఇంకొకటి.

ఆ వాన ఎక్కడ నుంచి వస్తుందన్నది ఇందులో అసలు విశేషం. ఆ గ్రహం మీద గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. కొండకు పడమటి వాలు తడుస్తుంది, తూర్పు వాలు ఎండుతుంది. మాది అనంతపురం జిల్లా. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘం పడమటి కనుమల ఆవల దించుకుని మా దాకా వచ్చేసరికి ఖాళీ. వర్షచ్ఛాయ అనే మాట ఇంటర్ పుస్తకంలో నేనూ బట్టీ పట్టినవాడినే. ఈ ఆటలో మాత్రం డబ్బు పోసి కొండను లేపవచ్చు. లేపితే నా పొలాలు తడుస్తాయి, తూర్పున ఉన్న పొరుగువాడి పొలాలు ఒక్క తూటా పేలకుండా బీడు పడతాయి. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఒకటి చొప్పున సౌరశక్తి కూడా పెరుగుతుంది కనుక ఆశ ఇంకా ఎక్కువ. ఒకరి తడి మరొకరి కరువు అని అంకెలతో చూపిన ఆట నేను మరొకటి ఆడలేదు.

మితిమీరి తవ్వితే గ్రహం తిరగబడుతుంది. శిలీంధ్రం పొంగి పొలాలను కప్పుతుంది, అందులోంచి పురుగులు దండెత్తుతాయి, సముద్రం పైకి వస్తుంది. ధ్రువాల మంచు కరిగించాలని నాయకుల సభలో ఓటు కూడా పెట్టవచ్చు. మెట్ట మీద ఉన్నవాడు చెయ్యెత్తుతాడు, తీరం వాడు మునుగుతాడు.

ఇంత ఆలోచించిన ఆటలోనే నాకు మింగుడుపడని లోపాలున్నాయి. వాన ఏటా ఒకటే. తడి గడి ఎప్పటికీ తడి గడే. పదును కోసం ఆకాశం కేసి చూడటం, విత్తనం వేశాక నెల రోజులు చినుకు లేకపోవడం ఇందులో లేవు. మాకు చెడ్డది తక్కువ వాన మాత్రమే కాదు, ఎప్పుడు పడుతుందో తెలియని వాన. సగటు తీసుకుని మిగతాది వదిలేశారు. భూగర్భ జలం సంగతి మరీ విచిత్రం. నేలను తొలిస్తే నీరు పైకి వచ్చి నదై పారుతుంది, ఇక ఎండదు. మా పొలంలో మూడు బోర్లు వేస్తే రెండింట్లో దుమ్మే లేచింది. మూడవది పక్క చేలో కొత్త బోరు పడ్డాక సన్నగిల్లింది. వాన విషయంలో పొరుగువాడిని తలచుకున్న ఆట, నేల కింది నీటి విషయంలో అతన్ని మరిచిపోయింది.

ఇంకో సంగతి. అడవి నాటితే ఏ నేలలోనైనా పోషకం ఒకటి, ఖనిజం రెండు, శక్తి ఒకటి ఖాయం. దానంతట అదే పాకుతుంది కూడా. వాలు, వాన, ఎత్తు అన్నీ లెక్కించి సేద్యం చేసేవాడికన్నా, జామాయిల్ తోట వేసి పట్నం పోయినవాడిలా కూర్చున్నవాడికే తక్కువ శ్రమతో ఎక్కువ లాభం. తన గొప్ప గుణాన్ని ఆట తానే అనవసరం చేసుకుంది. కంప్యూటర్ నాయకులకైతే నేలను మలచడం అసలే చేతకాదు. పాతిక ఊళ్ళు దాటాక ప్రతి వంతుకూ ప్రతి బండికీ ఏం చెయ్యాలో చెప్పలేక మనకూ విసుగు పుడుతుంది.

ఆడదలచిన మిత్రులకు: 'మ్యూల్'కు ఒక సాయంత్రం, నలుగురు మనుషులు చాలు. హాస్టల్‌లో నలుగురికి కొదవ లేదు. రెండవదాన్ని మాత్రం పరీక్షలయ్యాకే ముట్టుకోండి.